శబ్దానికి పనులు పంచిన ఇంజనీరు: జేమ్స్ బి. లాన్సింగ్

కారు తలుపు లోపలి స్పీకరు జాలీ మీద, సినిమా హాలు గోడ మీద, యువతరం వెంట తీసుకుపోయే చిన్న బ్లూటూత్ పెట్టె మీద జె.బి.ఎల్. అనే మూడు అక్షరాలు మనకు తరచుగా కనిపిస్తాయి. అది ఒక కంపెనీ పేరని అందరికీ తెలుసు. ఒక మనిషి పేరులోని పొడి అక్షరాలని మాత్రం కొద్దిమందికే తెలుసు. ఆ మనిషి జేమ్స్ బి. లాన్సింగ్. ఆయన 47 ఏళ్లు మాత్రమే జీవించారు. తన పేరుతో వెలసిన సంస్థ లాభాలు గడించడం ఆయన చూడలేదు. అయినా నేడు కారులో పాట వినేవారు మిడ్‌రేంజ్ స్పీకరు ఏది, ట్వీటరు ఏది, రెండింటినీ ఎలా కలపాలి అని ఆలోచిస్తున్నారంటే, ఆ ఆలోచనకు ఆచరణలో రూపమిచ్చిన తొలి తరం ఇంజనీర్లలో ఆయన ముఖ్యులు.

ఒకే స్పీకరు మీద అన్ని స్వరాల భారం మోపరాదని, ఏ పనికి తగిన పరికరానికి ఆ పని అప్పగించాలని లాన్సింగ్ జీవితమంతా శ్రమించారు. సొంత జీవితంలో మాత్రం అటువంటి పంపకం ఆయనకు కొంతకాలమే అమరింది. రూపకల్పన, ఉత్పత్తి, అప్పులు, లెక్కలు అన్నీ చివరకు ఆయన ఒక్కరి తలమీదే పడ్డాయి.

గని ఊళ్ల బాల్యం

లాన్సింగ్ 1902 జనవరి 14న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, మకూపిన్ కౌంటీలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జేమ్స్ మార్టీని. తండ్రి హెన్రీ మార్టీని బొగ్గుగనుల ఇంజనీరు. పద్నాలుగు మంది సంతానంలో జేమ్స్ తొమ్మిదో బిడ్డ. గని ఎక్కడ తెరిస్తే కుటుంబం అక్కడికి తరలిపోయేది. బడులు మారేవి, ఊళ్లు మారేవి. కొంతకాలం ఆయన మరో కుటుంబం ఇంట ఉండి చదువుకున్నారు. తర్వాత తన పేరు మధ్యలో ఆ ఇంటిపేరు చేర్చుకున్నారు. జె.బి.ఎల్.లోని బి అక్షరం ఆ ఆశ్రయానికి గుర్తు.

ఆ పిల్లవాడికి విద్యుత్తు మీద అమితమైన ఆసక్తి. పదేళ్ల వయసుకే విద్యుదావేశాన్ని నిలవచేసే లీడెన్ జాడీని స్వయంగా తయారుచేశారు. పన్నెండేళ్లప్పుడు ఇంట్లోనే చిన్న రేడియో ట్రాన్స్‌మిటరు కట్టారని, దాని సంకేతాలు గ్రేట్ లేక్స్ నౌకాదళ కేంద్రం వరకు వెళ్లడంతో సిబ్బంది వచ్చి దాన్ని విప్పించారని ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. పెద్ద విశ్వవిద్యాలయాల పట్టాలేవీ ఆయనకు లేవు. చేతితో చేసి, చెడితే విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్న విద్య ఆయనది.

యౌవనంలో ఆయన ఎంచుకున్న తొలి వృత్తి మోటారు మెకానిక్కు పని కావడం విశేషం. ఇల్లినాయ్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో కార్ల ఇంజన్లలో సూక్ష్మమైన మరమ్మతులు చేసేవారు. పనిచేసే సంస్థ యజమాని సహాయంతో డెట్రాయిట్ వెళ్లి మోటారు శిక్షణ కూడా పొందారు. ఇంజనులో పిస్టనుకు, సిలిండరుకు మధ్య ఉండే వెంట్రుకవాసి ఎడం ఎంత ముఖ్యమో ఆయనకు అక్కడే బోధపడింది. స్పీకరులోనూ అయస్కాంతపు సన్నని సందులో తీగచుట్ట రాసుకోకుండా కదలాలి. ఆ సందు ఎంత సన్నగా ఉంటే స్పీకరు అంత సమర్థంగా మోగుతుంది. మెకానిక్కు చేతికి అలవడిన ఆ నేర్పు తర్వాతి వృత్తిలో ఆయనకు పెట్టుబడి అయింది.

డెక్కరుతో భాగస్వామ్యం

1924లో తల్లి మరణించాక లాన్సింగ్ ఇల్లు విడిచి పశ్చిమానికి సాగి, యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ చేరుకున్నారు. అక్కడ రేడియో కేంద్రంలో ఇంజనీరుగా, ఆపై స్పీకర్ల కర్మాగారంలో పనిచేశారు. గ్లెన్నా పీటర్సన్‌ను వివాహం చేసుకున్నారు. కెన్ డెక్కర్ అనే వ్యాపార దక్షుడు ఆయనకు పరిచయమైనదీ అక్కడే. ఇద్దరూ కలిసి లాస్ ఏంజిలిస్‌కు మకాం మార్చి, 1927 మార్చిలో లాన్సింగ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీని స్థాపించారు. మార్టీని అనే ఇంటిపేరు విడిచి లాన్సింగ్ అనే పేరును చట్టబద్ధంగా స్వీకరించినదీ ఆ రోజుల్లోనే.

పనులు చక్కగా పంచుకున్నారు. పెట్టుబడి, కొనుగోళ్లు, వసూళ్లు, బ్యాంకు వ్యవహారాలు డెక్కరువి. యంత్రాలు, నమూనాలు, నాణ్యత లాన్సింగ్‌వి. తొలినాళ్లలో రేడియో పెట్టెల తయారీదారులకు 6, 8 అంగుళాల స్పీకర్లు చేసి అమ్మేవారు. 1929 నాటి ఆర్థిక మాంద్యం ఎన్నో రేడియో సంస్థలను మింగేసింది. ఈ చిన్న సంస్థ నిలిచిందంటే, ఇద్దరు భాగస్వాముల మధ్య ఉన్న ఈ శ్రమవిభజనే అందుకు ప్రధాన ఆధారం.

ఒక్క స్పీకరు ఎందుకు చాలదు

లాన్సింగ్ చేసిన పని తెలియాలంటే స్పీకరు స్వభావం కొంత తెలియాలి. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ వరకు గల ధ్వనులను గ్రహిస్తుంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. ఆ లెక్కన 100 హెర్ట్జ్ మంద్రధ్వని ఒక్కో అల పొడవు మూడు మీటర్లకు పైమాటే. 10 వేల హెర్ట్జ్ తీక్ష్ణధ్వని అల పొడవు మూడున్నర సెంటీమీటర్లు మాత్రమే. మంద్రధ్వనికి చాలా గాలిని తోయగల వెడల్పైన శంకువు కావాలి. తీక్ష్ణధ్వనికి వేల సార్లు వణకగల తేలికైన చిన్న పొర కావాలి. పెద్ద శంకువు బరువు వల్ల అంత వేగంగా కదలలేదు. ఒకవేళ కదిలినా, దాని ధ్వని టార్చిలైటు వెలుగులా ఎదురుగా మాత్రమే పడుతుంది. పక్కన కూర్చున్నవారికి స్పష్టత పోతుంది.

మన సంగీతానికి ఈ సంగతి కొత్త కాదు. మృదంగం ఒక్కటే వాద్యం, కానీ దానికి రెండు మూతలు. ఎడమ మూత వెడల్పు, దానికి తడిపిన రవ్వ ముద్ద అద్ది బరువు పెంచుతారు. గంభీరమైన నాదం అక్కడ పుడుతుంది. కుడి మూత చిన్నది, బిగువైనది, నల్లని పూత పూసినది. స్పష్టమైన శ్రుతి అక్కడ పలుకుతుంది. రెండూ ఒకే మనిషి చేతుల్లో, ఒకే తాళంలో కలిసి పలికితేనే అది మృదంగం. మంద్రానికి వూఫరు, పై స్వరాలకు ట్వీటరు, నడిమి స్వరాలకు మిడ్‌రేంజ్ అనే స్పీకర్ల ఏర్పాటులో ఉన్న సూత్రమూ అదే. ఎక్కడ ఒకటి ఆగి మరొకటి అందుకోవాలో నిర్ణయించే విద్యుత్ వలయాన్ని క్రాస్‌ఓవర్ అంటారు.

వెండితెరకు గొంతు

లాన్సింగ్ సంస్థ పుట్టిన 1927లోనే అమెరికాలో 'ది జాజ్ సింగర్' విడుదలై సినిమాకు మాట వచ్చింది. మన దేశంలో 1931లో 'ఆలం ఆరా', 1932లో తెలుగులో 'భక్త ప్రహ్లాద' వచ్చాయి. దేశదేశాల్లో వేలాది హాళ్లు ఒక్కసారిగా మాట్లాడవలసి వచ్చింది. కానీ ఆనాటి స్పీకర్లకు వందలాది మంది కూర్చున్న హాలును స్పష్టమైన ధ్వనితో నింపే శక్తి లేదు. మంద్రం తక్కువ, తీక్ష్ణం తక్కువ. మాట మాత్రం ఏదో వినిపించేది.

బెల్ ప్రయోగశాలలో హార్వీ ఫ్లెచర్ బృందం 1933లో ధ్వనిని భాగాలుగా విడదీసి వినిపించే గొప్ప వ్యవస్థను ప్రదర్శించింది. అది అద్భుతమే అయినా సినిమా హాలుకు మరీ పెద్దది. పైగా అందులో ఒక చిక్కు ఉంది. మంద్రధ్వని పొడవైన బూరలో తిరిగి రావాలి, తీక్ష్ణధ్వని దగ్గరి దారిలో వస్తుంది. ఆ కొన్ని అడుగుల తేడా వల్ల ఒకే చప్పుడు చెవికి రెండు ముక్కలై చేరుతుంది. ట్యాప్ నృత్యంలో బూటు టకటకలు జంటగా వినిపిస్తున్నాయని హాలీవుడ్ ఇంజనీర్లు గుర్తించారు.

ఎం.జి.ఎం. స్టూడియో శబ్దవిభాగం అధిపతి డగ్లస్ షియరర్, ఇంజనీరు జాన్ హిలియర్డ్ దీనికి పరిష్కారం వెతకాలని నిశ్చయించారు. స్పీకర్ల తయారీ లాన్సింగ్ సంస్థకు అప్పగించారు. డాక్టర్ జాన్ బ్లాక్‌బర్న్ వంటి శాస్త్రజ్ఞులు సిద్ధాంతం సమకూర్చగా, లాన్సింగ్ దానికి లోహంలో, తీగలో రూపమిచ్చారు. మంద్రానికి 15 అంగుళాల స్పీకర్లు, పై భాగానికి పలుచని లోహపు పొర గల కంప్రెషన్ డ్రైవరు, దాని ముందు అనేక గదులుగా చీలిన బూర. దాదాపు 500 హెర్ట్జ్ దగ్గర పంపకం. మంద్రపు బూర దారిని కుదించి, రెండు భాగాల ధ్వనీ ఒకే సమయానికి చెవికి చేరేలా అమర్చారు. డ్రైవరు తీగచుట్టకు గుండ్రని తీగ బదులు చదునైన అల్యూమినియం రిబ్బనును అంచు మీద నిలబెట్టి చుట్టారు. ఆ విధంగా తీగల మధ్య వృథా ఖాళీ తగ్గి, ఆ సన్నని సందులో లోహం ఎక్కువ ఇమిడింది. అలాంటి చుట్ట చుట్టడానికి ఇంజన్లు విప్పిన చేతి నిదానం అవసరమైంది.

షియరర్ హార్న్ అని పేరొందిన ఈ వ్యవస్థ 1930వ దశకం మధ్యలో హాళ్లకు చేరింది. 1936 సంవత్సరానికి అకాడమీ సాంకేతిక పురస్కారం షియరర్‌కు, ఎం.జి.ఎం. శబ్దవిభాగానికి దక్కింది. పురస్కార పత్రంలో లాన్సింగ్ పేరు లేదు. పరిశ్రమలోని ఇంజనీర్లకు మాత్రం ఆ పేరు తెలిసిపోయింది. ఆ తర్వాత 1937లో లాన్సింగ్ సంస్థ ఐకానిక్ అనే చిన్న రెండంచెల స్పీకరును తెచ్చింది. థియేటరు ధ్వనిని స్టూడియో గదిలోకి కుదించిన పరికరమది. దాదాపు 800 హెర్ట్జ్ దగ్గర పై డ్రైవరు అందుకునే ఏర్పాటు. గది చిన్నదైనా సూత్రం మారలేదు. ఇంటికి, ఆపై కారుకు ఆ సూత్రం దిగివచ్చే దారి అక్కడ మొదలైంది.

సగం బలం పోయిన రోజు

1939లో కెన్ డెక్కర్ విమాన ప్రమాదంలో మరణించారు. లాన్సింగ్‌కు అది స్నేహితుడి మరణం మాత్రమే కాదు. సంస్థలో తాను ఎన్నడూ చూడని సగం పని ఒక్క రోజులో తన బల్ల మీదికి వచ్చింది. బిల్లులు, బాకీలు, జీతాలు, అప్పులవాళ్లు. స్పీకరులో దోషం ఎక్కడుందో ఇట్టే చెప్పగల మనిషికి లెక్కల పుస్తకం ఒంటబట్టలేదు. రెండేళ్లలో సంస్థ కుంగిపోయింది.

1941 డిసెంబరులో సినిమా హాళ్ల యంత్రాల నిర్వహణ చూసే ఆల్టెక్ సర్వీస్ కార్పొరేషన్ 50 వేల డాలర్లకు సంస్థను కొనుగోలు చేసింది. కొత్త సంస్థ పేరు ఆల్టెక్ లాన్సింగ్. లాన్సింగ్ ఇంజనీరింగ్ ఉపాధ్యక్షులయ్యారు. అయిదేళ్ల ఒప్పందం కుదిరింది. డబ్బు వ్యవహారాలు మళ్లీ మరొకరి చేతికి వెళ్లడంతో ఆయన రూపకల్పన మళ్లీ వికసించింది. యుద్ధకాలంలోనే 604 డూప్లెక్స్ అనే స్పీకరు రూపుదిద్దుకుంది. 15 అంగుళాల మంద్ర స్పీకరు నడిమధ్యనే తీక్ష్ణస్వరాల బూర అమర్చిన పరికరమది. రెండు రకాల ధ్వనులూ ఒకే కేంద్రం నుంచి వెలువడతాయి. దశాబ్దాల పాటు రికార్డింగు స్టూడియోల్లో ప్రామాణికంగా నిలిచింది. నేడు కార్ల దుకాణాల్లో కోయాక్సియల్ పేరిట అమ్మే, శంకువు మధ్యలో ట్వీటరు ఉన్న స్పీకర్లలోనూ ఇదే ఊహ కనిపిస్తుంది. 1945లో ఆల్టెక్ తెచ్చిన వాయిస్ ఆఫ్ ది థియేటర్ వ్యవస్థ ప్రపంచ సినిమా హాళ్లలో విస్తరించింది.

తన పేరుతో తానే పోటీ

ఒప్పందం గడువు ముగియగానే, 1946 అక్టోబరులో లాన్సింగ్ ఆల్టెక్ నుంచి తప్పుకున్నారు. ఉద్యోగం భద్రమైనదే. అయినా తాను అనుకున్న స్పీకరును తన పద్ధతిలో తయారుచేయాలన్న కోరిక ఆయనను నిలవనీయలేదు. లాన్సింగ్ సౌండ్ పేరుతో కొత్త సంస్థ ఆరంభించారు. ఆ పేరు తమ ఉత్పత్తుల పేరును పోలి ఉందని ఆల్టెక్ అభ్యంతరం తెలిపింది. పుట్టినప్పటి పేరు విడిచి ఏరికోరి తెచ్చుకున్న పేరు మీద ఆయనకే పూర్తి హక్కు లేకపోయింది. చివరకు సంస్థ జేమ్స్ బి. లాన్సింగ్ సౌండ్ అయింది. ఆ పొడవైన పేరే తర్వాత మూడక్షరాలుగా కుదించుకుపోయింది.

ఈ దశలో ఆయన సాధించినవాటిలో డి-130 అనే 15 అంగుళాల స్పీకరు ముఖ్యమైనది. దాని తీగచుట్ట వ్యాసం 4 అంగుళాలు. మామూలు స్పీకర్ల చుట్టలు అందులో సగం కూడా ఉండేవి కావు. చుట్ట పెద్దదైతే వేడి త్వరగా చెదిరిపోతుంది, శంకువు మీద పట్టు పెరుగుతుంది. విద్యుత్తుతో పనిచేసే పాత అయస్కాంతాల స్థానంలో ఆల్నికో-5 అనే శక్తిమంతమైన శాశ్వత అయస్కాంతం వాడారు. కొద్దిపాటి విద్యుత్తుకే డి-130 బిగ్గరగా, స్పష్టంగా పలికేది. తర్వాతి కాలంలో ఎలక్ట్రిక్ గిటారు వాయించేవారు కూడా దాన్ని కోరి తెచ్చుకున్నారు.

నాణ్యత ఉంది, నగదు లేదు. అయస్కాంతాల సరఫరాదారు అరువిచ్చి ఆదుకున్నారు. మార్క్వార్ట్ అనే విమాన సంస్థ పెట్టుబడి పెట్టింది. ఆ సంస్థ తరఫున వచ్చిన విలియం థామస్ ఆర్థిక వ్యవహారాలు చూడసాగారు. అంతలో మార్క్వార్ట్ జనరల్ టైర్ కంపెనీ అధీనంలోకి పోయింది. టైర్ల సంస్థకు స్పీకర్ల మీద ఆసక్తి లేదు. లాన్సింగ్ మళ్లీ ఒంటరిగా నిలిచారు. అప్పులు పెరుగుతూ పోయాయి. 1949 సెప్టెంబరులో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు.

ఆయన పేరిట సంస్థకు 10 వేల డాలర్ల జీవిత బీమా ఉంది. మునిగిపోతున్న సంస్థకు ఆ సొమ్ము ఊపిరి పోసింది. విలియం థామస్ పగ్గాలు చేపట్టారు. డి-130 ఉత్పత్తి ఆగలేదు, దశాబ్దాల పాటు సాగింది. 1969లో సిడ్నీ హార్మన్ సంస్థను కొన్నారు. 2017లో హార్మన్ సంస్థ శాంసంగ్ అధీనంలోకి వెళ్లింది. లాన్సింగ్ మరణించిన నాటికి చిన్న కార్ఖానాగా ఉన్న సంస్థ ఇంతదూరం వచ్చిందంటే, కారణాలు రెండు. ఆయన వదిలివెళ్లిన రూపకల్పన ఒకటి. ఆయనకు చివరి రోజుల్లో కరవైన నిర్వహణ మరొకటి.

కారు తలుపులో ఆ వారసత్వం

లాన్సింగ్ థియేటర్ల కోసం పనిచేశారు. ఆయన కాలంలో కారు రేడియో ఉన్నా, అందులో ఒకే చిన్న స్పీకరు మోగేది. అయితే మిడ్‌రేంజ్, ట్వీటర్ల ఎంపికలో నేటి వాహనదారుడికి ఎదురయ్యే ప్రశ్నలు షియరర్ హార్న్ నాటివే. హాలు కారుగా చిన్నదైంది, అంతే.

మొదటి ప్రశ్న నడిమి స్వరాలది. మనిషి మాటను పోల్చుకోవడానికి 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకు చాలునని టెలిఫోను వ్యవస్థ నిరూపించింది. వార్తలు చదివే గొంతు, గాయకుడి గాత్రం, వీణ, వేణువు ముఖ్యంగా ఈ పరిధిలోనే పలుకుతాయి. అందుచేత ఖర్చులో పెద్దపీట మిడ్‌రేంజ్‌కే వేయడం వివేకం. మీడియం వేవ్ ప్రసారంలో ధ్వని సుమారు 5 వేల హెర్ట్జ్ లోపే ఆగిపోతుంది గనుక ట్వీటరుకు పని తక్కువ. ఎఫ్.ఎం.లో అది 15 వేల హెర్ట్జ్ దాకా వస్తుంది. ఏది ఎక్కువగా వింటారో తెలుసుకుని ఎంచుకోవాలి.

రెండో ప్రశ్న పంపకం. సాధారణంగా కారు ట్వీటరు పొర వ్యాసం 19 నుంచి 25 మిల్లీమీటర్లు. ప్రతి ట్వీటరుకూ తనంతట తాను మోగే సహజ కంపన సంఖ్య ఒకటి ఉంటుంది. తయారీదారు పత్రంలో అది రాసి ఉంటుంది. క్రాస్‌ఓవర్ స్థానం దానికి కనీసం రెట్టింపు ఎత్తున ఉండడం క్షేమం. ఆ సంఖ్య 1,500 హెర్ట్జ్ అయితే పంపకం 3 వేల హెర్ట్జ్ దగ్గర లేదా ఆపైన. అంతకు దించితే చిన్న పొర మీద మోయలేని భారం పడి గొంతు జీరపోతుంది, చుట్ట కాలిపోవచ్చు. మిడ్‌రేంజ్ కూడా ఆ స్థానం వరకు తడబడకుండా పలకగలగాలి. మన చెవి అతి చురుకుగా ఉండేది 2 వేల నుంచి 5 వేల హెర్ట్జ్ మధ్యనే. అతుకు సరిగ్గా అక్కడే పడుతుంది గనుక, లోపం ఉంటే దాగదు.

మూడోది సమర్థత. ఒక వాటు విద్యుత్తుకు, ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ల ధ్వని వస్తుందో స్పీకరు పత్రం చెబుతుంది. ట్వీటరు 93, మిడ్‌రేంజ్ 90 డెసిబెళ్లైతే, మిడ్‌రేంజ్‌ను ట్వీటరుతో సమంగా మోగించడానికి రెండింతల విద్యుత్తు కావాలి. సరిదిద్దకపోతే స, ష వంటి అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి. ట్వీటరు స్థాయిని తగ్గించే ఏర్పాటు క్రాస్‌ఓవర్‌లో ఉందో లేదో కొనేముందే అడగాలి. స్పీకర్ల నిరోధం కూడా యాంప్లిఫయరుకు సరిపడాలి. కార్లలో అది ఎక్కువగా 4 ఓములు. బలహీనమైన యాంప్లిఫయరును చివరిదాకా తిప్పితే ధ్వని తరంగపు శిఖరాలు తెగిపోతాయి. ఆ తెగుదలలో పుట్టే అదనపు తీక్ష్ణస్వరాలు ట్వీటరును కాల్చేస్తాయి. శక్తి తక్కువగా ఉన్న చోట కూడా ట్వీటర్లు పాడయ్యేది ఇందువల్లనే.

నాలుగోది దూరం. బూటు టకటక రెండుగా వినిపించిన పాత చిక్కు కారులో మరోరూపంలో ఎదురవుతుంది. మన దేశంలో నడిపేవారు కుడివైపు కూర్చుంటారు. కుడి తలుపు స్పీకరు మోకాలి పక్కనే, ఎడమ తలుపుది ఆ చివర. ట్వీటరు అద్దం పక్కన, మిడ్‌రేంజ్ తలుపు అడుగున. ఒక్క అడుగు దూరానికి ధ్వని వెయ్యింట ఒక సెకనుకు కాస్త తక్కువ కాలం ఆలస్యమవుతుంది. నేటి డిజిటల్ ప్రాసెసర్లు దగ్గరి స్పీకరును ఆ మేరకు ఆలస్యం చేసి సరిచేయగలవు. ఆ సదుపాయం లేనివారు ట్వీటరును, మిడ్‌రేంజ్‌ను వీలైనంత చేరువగా అమర్చుకోవడం మేలు. అదీ కుదరకపోతే, ఒకే కేంద్రం నుంచి ధ్వని పంపే కోయాక్సియల్ స్పీకరు తక్కువ ఖర్చులో నమ్మదగినది.

ట్వీటరు పట్టుపొరదైతే ధ్వని సాధారణంగా మృదువుగా, లోహపు పొరదైతే కొంచెం పదునుగా ఉంటుందని చెబుతారు. ఇది అభిరుచికి సంబంధించినది. పొర రకం కంటే దాని అమరిక ముఖ్యం. అన్నింటికన్నా ముందు తలుపు రేకు వణకకుండా అడ్డుపొర అంటించి, రంధ్రాలు మూయించాలి. స్పీకరు వెనుక ధ్వని ముందుకు వచ్చి కలిస్తే మంద్రం తరిగిపోతుంది. ఖరీదైన స్పీకరును డొల్ల తలుపులో బిగించడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

దుకాణంలో పరీక్షించేటప్పుడు దరువుల పాట కంటే, బాగా పరిచయమున్న ఒక గొంతు వినిపించమని అడగడం మంచిది. మాట ఒకే నోటి నుంచి, ఎదురుగా వస్తున్నట్టు తోస్తే పంపకం కుదిరినట్టే. అక్షరాలు ఒకచోట, గొంతు మరొకచోట వినిపిస్తే ఎంత వెల పెట్టినా కుదరనట్టే.

లాన్సింగ్ తన స్పీకర్లలో ఎవరి పని వారికి అప్పగించి, అందరినీ ఒకే సమయానికి పలికించారు. ఆయన పక్కన డెక్కరు ఉన్నంత కాలం సంస్థ నిలిచింది, ఆల్టెక్ లెక్కలు చూసినంత కాలం రూపకల్పన పండింది. ఆయన పోయాక మరొకరు ఆ భారం మోయగా ఆ పేరు ప్రపంచమంతా వినిపించింది. భారం పంచుకునే మనిషి మరికొన్నేళ్లు ఆయన పక్కన ఉండి ఉంటే, ఆ వినికిడి ఆయన చెవిన కూడా పడేది.